ఇద్దరు పిల్లలతో ఒక్కదాన్నే డాలస్‌కు: ఉన్నవి రెండే చేతులు

కోర్లగుంట_కోడలు
కాన్పుకు తిరుపతి వచ్చి పది నెలలైంది. పాపకు ఇప్పుడు 8 నెలలు, బాబుకు మూడేళ్లు నిండి నెలయింది. మావారు డాలస్‌లో ఉన్నారు, సెలవు దొరకలేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా వీసా లేదు. కాబట్టి వచ్చే నెల ఇద్దరినీ వెంటబెట్టుకుని నేనొక్కదాన్నే వెళ్లాలి. చెన్నై నుంచి దుబాయికి 4 గంటలు, అక్కడ మూడున్నర గంటల నిరీక్షణ, ఆ తర్వాత డాలస్‌కు 16 గంటలు.

ఎవరిని అడిగినా ఒకటే మాట: "ఏముందమ్మా, కూర్చోవడమే కదా!" కూర్చోవడం నాకూ వచ్చు. పాప ఒడిలో నిద్రపోతుండగా వాడు "అమ్మా, ఒకటికి" అంటే ఏం చేయాలి? తనిఖీ దగ్గర పాపను ఎత్తుకుని, పిల్లల బండి మడిచి, సంచులు ట్రేలో పెట్టి, వాడు పరుగెత్తకుండా పట్టుకోవాలంటే ఎన్ని చేతులు కావాలి?

అత్తయ్య ఏమో చెన్నై దాకా కారులో ఎందుకు, రేణిగుంటలో ఎక్కి హైదరాబాదు మీదుగా వెళ్లమంటున్నారు. టికెట్ ఇంకా తీసుకోలేదు. ఇద్దరితో ఒంటరిగా వెళ్లినవాళ్లు చెప్పండి. భర్తతో కలిసి వెళ్లిన అనుభవాలు వద్దు, అవి నాకూ ఉన్నాయి.

ఉప్పు_సెనగలు
ఆ చివరి వాక్యానికి దండం పెట్టాలి. మావారు మాతో వచ్చినప్పుడు రెండు సినిమాలు చూశారు, మూడుసార్లు భోంచేశారు, దిగాక "ప్రయాణం హాయిగా జరిగింది" అని మా అత్తగారికి ఫోన్ చేసి చెప్పారు.

రేణిగుంట_జంక్షన్
మీ అత్తయ్యగారి మాటలో న్యాయం ఉంది. ఊరికి 15 కిలోమీటర్లలో విమానాశ్రయం పెట్టుకుని చెన్నై ఎందుకు? చిన్న చోటు, చిన్న వరసలు, గంటంబావులో శంషాబాద్‌లో ఉంటారు. చెన్నై అంటే పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు దాటుకుని దాదాపు 140 కిలోమీటర్లు. అందులో తిరువళ్లూరు నుంచి మీనంబాక్కం విమానాశ్రయం చేరడం ఒక్కటే ఒక పూట పని.

పలమనేరు_పాలకోవా
రేణిగుంట అన్నా, మీరు కిలోమీటర్లు లెక్కపెడుతున్నారు. ఆవిడ లెక్కపెట్టాల్సింది ఎక్కడాలూ దిగడాలూ. చెన్నై నుంచి అయితే రెండు విమానాలు, హైదరాబాదు మీదుగా అయితే మూడు. విమానం మారిన ప్రతిసారీ సంచులు సర్దడం, బండి మడవడం, నిద్రపోయే బిడ్డను లేపడం మళ్లీ మొదటికి వస్తాయి. పైగా రేణిగుంట టికెట్ విడిగా కొంటే శంషాబాద్‌లో సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో విమానం వాళ్లకు మీతో సంబంధం ఉండదు. మా తమ్ముడికి అలాగే జరిగి కొత్త టికెట్ కొనుక్కున్నాడు. వాడు ఒక్కడే కాబట్టి రాత్రంతా కుర్చీలో పడుకోగలిగాడు.

రేణిగుంట_జంక్షన్
మొత్తం ఒకే టికెట్ మీద తీసుకుంటే సామాను గొడవ ఉండదు. కానీ మూడు ఎక్కడాలు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను.

చిత్తూరు_మామిడి
చెన్నైకే నా ఓటు, ఒక షరతు మీద. తెల్లవారుజామున బయలుదేరే విమానం చూసుకోండి. రాత్రి భోజనాలయ్యాక కారెక్కితే పిల్లలు దారంతా నిద్రపోతారు. మేము చిత్తూరు నుంచి రాణిపేట, శ్రీపెరంబుదూరు మీదుగా ఎప్పుడూ ఇలాగే వెళ్తాం.

ఇంకో మాట. కారెక్కే ముందు బాబుకు గ్లాసెడు పాలు తాగించకండి. మా వాడు టోల్‌గేటు దగ్గర నా ఆవిడ చీర మీదికి మొత్తం కక్కేశాడు. పిల్లలకు చెరో మూడు జతలు పెట్టుకుంది మహాతల్లి, తనకు ఒక్కటీ పెట్టుకోలేదు. చెన్నై నుంచి కువైట్ దాకా పులిసిన పాల వాసనతోనే వెళ్లింది. మీకూ ఒక జత చేతిసంచిలో పెట్టుకోండి.

నిద్రలేని_కుప్పం
నేను వెళ్లాను, ఒంటరిగానే. రెండేళ్ల కిందట బెంగళూరు నుంచి లండన్‌కు, పది గంటల పైచిలుకు. అప్పుడు పెద్దదానికి రెండున్నరేళ్లు, చిన్నవాడికి 7 నెలలు. మీ ప్రశ్న చదవగానే భుజం నొప్పి తిరగబెట్టింది.

ముందు చేతుల సంగతి. చంటిబిడ్డ ఎప్పుడూ ఒంటికి కట్టుకునే ఉండాలి, అంటే బేబీ క్యారియర్‌లో. అప్పుడు మీకు రెండు చేతులూ ఉంటాయి. ఒకటి పెద్దవాడిది, రెండోది సంచిది. అందుకే వీపు సంచి తప్ప భుజాన వేలాడే సంచి ఏదీ వద్దు. నేను ఒక అందమైన సంచి భుజానికి తగిలించుకుని వెళ్లాను. వంగిన ప్రతిసారీ అది జారి ముందుకు వచ్చి పెద్దదాని మొహానికి తగిలేది.

ఇక ఒకటికి వెళ్లడం. బాబును ముందు లోపలికి పంపి, మీరు వెనక వెళ్లి గడియ వేయండి. పాప మీ ఛాతీ మీదే ఉంటుంది. ముగ్గురూ దూరితే తిరగడానికి చోటుండదు, కానీ పని అవుతుంది. అసలు గండం తర్వాత ఉంది: ఫ్లష్ చప్పుడు. మా పెద్దది ఆ చప్పుడుకు బెదిరిపోయి ఇక ఆ గదిలో అడుగుపెట్టనంది. మిగిలిన ఆరు గంటలు డైపరే. కాబట్టి మూత వేసి, పిల్లవాడిని తలుపు బయట నిలబెట్టి, ఒక కాలు తలుపుకు అడ్డం పెట్టి అప్పుడు నొక్కండి. పెద్ద విమానాల్లో డైపర్ మార్చే బల్ల ఉన్న గది ఏదో ఎక్కగానే అడిగి తెలుసుకోండి. మీరు వెళ్లాల్సినప్పుడూ ఇదే పద్ధతి. సిగ్గు గురించి నన్ను అడగకండి, అది బెంగళూరులోనే వదిలేసి ఎక్కాను.

కోర్లగుంట_కోడలు
అక్కా, ఇది ప్రింటు తీసి పెట్టుకుంటాను. బాసినెట్ సంగతి కూడా చెప్పండి. తీసుకోమని అందరూ అంటున్నారు.

నిద్రలేని_కుప్పం
తీసుకో, కానీ దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోకు. ముందు గోడకు తగిలించే ఆ తొట్టికి బరువు పరిమితి ఉంటుంది. 10, 11 కిలోలు అంటారు, ఎయిర్‌లైన్‌ను బట్టి మారుతుంది. పాపను ఇప్పుడే తూచి చూసుకుని, టికెట్ కొన్న రోజే ఫోన్ చేసి అడుగు. ఆ వరసలో సీట్లు కొన్నే ఉంటాయి. విమానం పైకి లేచాకే తగిలిస్తారు, దిగే ముందు తీసేస్తారు. మధ్యలో సీటుబెల్టు దీపం వెలిగినప్పుడల్లా బిడ్డను తీసి ఒడిలో పెట్టుకుని, వాళ్లిచ్చే చిన్న బెల్టు మన బెల్టుకు తగిలించి కట్టాలి. మా వాడు కన్ను మూసిన ప్రతిసారీ ఆ దీపం వెలిగింది. ఎవరో మీట పట్టుకుని కూర్చున్నారేమో అనిపించింది.

ఇంకో చిక్కు. ఆ వరసలో చేతులు ఆనించుకునే కమ్మీ పైకి లేవదు, బల్ల అందులోనే ఉంటుంది కాబట్టి. పెద్దవాడు నీ ఒళ్లో తల పెట్టుకుని పడుకోలేడు. ఎదుటి సీటు ఉండదు కాబట్టి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు సంచులన్నీ పైన పెట్టాల్సిందే. సరిగ్గా పాలసీసా కావాల్సిన వేళకు అది పైన ఉంటుంది.

పలమనేరు_పాలకోవా
నాది వేరే అనుభవం. మా పాప అందులో నాలుగు గంటలు ఏకబిగిన పడుకుంది. పడుకోకపోయినా అది ఒక బల్ల. భోజనం చేయడానికి నాకు ఒడి దొరికింది. అంతకంటే ఏం కావాలి?

నిద్రలేని_కుప్పం
భోజనమా! నాకు ఆ భోజనం మూత కూడా గుర్తులేదు.

సలహాల_పెద్దాయన
ఇంత ఆలోచన ఎందుకమ్మా. టికెట్ తీసుకునేటప్పుడు వీల్‌ఛెయిర్ కావాలని చెప్పండి. మనిషిని ఇస్తారు, వరసల్లో నిలబడే పనిలేదు, తనిఖీ దగ్గరి నుంచి విమానం తలుపు దాకా వాళ్లే తీసుకెళ్తారు. మా వీధిలో అమెరికా వెళ్లేవాళ్లంతా అదే చేస్తారు.

మెట్లదారి
మీ వీధిలో అందరికీ కాళ్లు పడిపోయాయా పెద్దాయనా? మా నాన్నకు పక్షవాతం. పోయినసారి విమానం దిగాక తలుపు దగ్గర 40 నిమిషాలు కూర్చున్నాం, కుర్చీలన్నీ అయిపోయాయని. మా ముందు కుర్చీలో వెళ్లిన ఆయన బయట బెల్టు దగ్గర రెండు పెద్ద పెట్టెలు తనే ఎత్తి ట్రాలీలో పెట్టుకున్నాడు. నా కళ్లతో చూశాను.

సలహాల_పెద్దాయన
చంటిబిడ్డ తల్లికి సాయం అడగడం తప్పా?

మెట్లదారి
సాయం అడగడం తప్పు కాదు, కుర్చీ అడగడం తప్పు. చంటిబిడ్డతో ఒంటరిగా వస్తున్నానని టికెట్ తీసుకునేటప్పుడే చెప్పి మనిషి సాయం అడగవచ్చు. చాలా ఎయిర్‌లైన్లు వీలును బట్టి ఏర్పాటు చేస్తాయి. దుబాయిలో అయితే డబ్బు కట్టి ముందే మాట్లాడుకునే సేవ ఉంది, మర్హబా అంటారు. విమానం దిగిన చోట ఎదురొచ్చి తర్వాతి గేటు దాకా తీసుకెళ్తారు. కోర్లగుంట అమ్మాయికి నిజంగా మూడో చెయ్యి కావాల్సింది అక్కడే.

ఉప్పు_సెనగలు
ఈ గొడవలో నేను మెట్లదారి గారి పక్షం. పెద్దాయనా, కోప్పడకండి, వీధిని మాత్రం కాస్త మార్చుకోండి.

కాణిపాకం_దారి
అందరూ కష్టాలే చెబుతున్నారు. సులువైన ఉపాయం ఒకటుంది. ఎక్కే ముందు ఇద్దరికీ జలుబు సిరప్ చెరో మూత వేస్తే అమెరికా దాకా కదలరు.

మందుల_చీటీ
కాణిపాకం గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను తిరుపతిలో పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. నిద్ర కోసం జలుబు మందు వేయడం పిల్లల డాక్టర్లు ఒప్పుకోని పని. 8 నెలల బిడ్డకు అది ప్రమాదం. పైగా కొందరు పిల్లల్లో అది తిరగబడుతుంది. నిద్ర రావడం మాట అటుంచి, గంటల తరబడి గిలగిలలాడుతారు. 16 గంటల విమానంలో ఆ ప్రయోగం చేస్తారా? అలాగే ఏడుపు మానిపించడానికి తేనె నాకించకండి, ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు పెట్టకూడదు. ఈ రెండూ అవ్వలు చెప్పేవే, అవ్వల మీద గౌరవంతోనే వద్దంటున్నాను.

ఇక చెవుల సంగతి. తిరుమల ఘాట్ రోడ్డులో దిగి వచ్చేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి కదా, ఇదీ అంతే. పైన ఎగిరేటప్పుడు విమానం లోపలి గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. మన హార్స్‌లీ హిల్స్ 4,100 అడుగుల పైచిలుకు, లెక్క వేసుకోండి. గొంతు నుంచి చెవికి వెళ్లే సన్నని గొట్టం తెరుచుకుంటే లోపలా బయటా ఒత్తిడి సమానమవుతుంది. మింగినప్పుడు అది తెరుచుకుంటుంది. చిన్నపిల్లల్లో ఆ గొట్టం ఇరుకు. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే బాధ ఎక్కువ.

అందరూ చేసే పొరపాటు ఏమిటంటే విమానం కదలగానే పాలు పట్టేయడం. అది ఇంకా అరగంట నేల మీదే తిరుగుతుంది. పైకి లేచేసరికి బిడ్డ కడుపు నిండి మొహం తిప్పేస్తుంది. చక్రాలు నేల వదిలాక పట్టండి. దిగడం మొదలయ్యేది నేల తాకడానికి దాదాపు అరగంట ముందు. పైలట్ చెప్పగానే పాపను లేపండి, నిద్రలో ఉన్నవాళ్లు తక్కువ మింగుతారు. బాబుకు గుటకగుటకగా నీళ్లు, నమలడానికి ఏదో ఒకటి ఇవ్వండి. గట్టి జలుబో చెవిపోటో ఉంటే ప్రయాణానికి ముందు డాక్టరుకు చూపించండి, పెట్టె సర్దడం ఆ తర్వాత.

కాణిపాకం_దారి
వెనక్కి తీసుకున్నాను. మా అక్క చెప్పింది, ఆమెకు ఎవరు చెప్పారో అడుగుతాను.

కోర్లగుంట_కోడలు
అమ్మయ్య, అమ్మ కూడా అదే సిరప్ అంటోంది. మీ పోస్టు చదివి వినిపించాను. "నర్సమ్మ చెప్పిందా, అయితే సరే" అంది. నేను చెబితే మాత్రం వినదు.

పాలు, రాగి జావ ఎలా తీసుకెళ్లాలి? 100 మిల్లీలీటర్లకు మించి ద్రవాలు తీసుకెళ్లనివ్వరు కదా?

డాలస్_దారప్ప
చంటిబిడ్డ పాలకు, ఆహారానికి ప్రయాణానికి సరిపడా మినహాయింపు ఉంటుంది. అడగకముందే తీసి చూపించండి, విడిగా పరీక్ష చేస్తారు. పాపను క్యారియర్ నుంచి తీయమంటారు, బండి ఎక్స్‌రే పెట్టెలోకి వెళ్లాలి. చెన్నైలో ఆడవాళ్లను తెర చాటున ఆడ సిబ్బంది తనిఖీ చేస్తారు. బాబు మీతోనే లోపలికి రావాలని ముందే చెప్పండి. దుబాయిలో విమానం మారేటప్పుడు మళ్లీ తనిఖీ ఉంటుంది. అందుకే పాలపొడి కొలిచి చిన్న చిన్న డబ్బాల్లో పొడిగా పెట్టుకోండి, వేడినీళ్లు విమానంలో అడిగితే ఇస్తారు. రాగిపిండీ అంతే. ఆవకాయ చేతిసంచిలో పెట్టకండి, నూనె కూడా ద్రవమే. మా అమ్మ కుండెడు ఆవకాయ చెన్నైలో చెత్తడబ్బాలో పడింది. ఆమె ఏడుపు ముందు పిల్లల ఏడుపు ఏపాటి?

డాలస్‌లో దిగాక: బాబు అక్కడ పుట్టాడంటే అమెరికా పాస్‌పోర్టు ఉండాలి, చేతికందేలా పెట్టుకోండి. తండ్రి వెంట లేడు కాబట్టి "నా భార్య పిల్లలను తీసుకొస్తోంది, నాకు సమ్మతమే" అని మీవారితో నోటరీ చేసిన ఉత్తరం ఒకటి తెప్పించుకోండి. అమెరికా సరిహద్దు అధికారులే అది దగ్గర ఉంచుకోమని చెబుతారు. ఆహారం ఏది ఉన్నా ఉందని చెప్పేయండి. పళ్లు మాత్రం దిగేలోపు తినేయండి. మా అమ్మాయి సంచిలో సగం కొరికిన అరటిపండు మిగిలిపోయింది. పొట్టి కాళ్ల కుక్క ఒకటి వచ్చి ఆ సంచి పక్కనే బుద్ధిగా కూర్చుంది. మా పిల్లకు అది ఎంత నచ్చిందంటే, పండు పోయినందుకు కాక కుక్క వెళ్లిపోయినందుకు ఏడ్చింది.

వెనకసీటు
నా మాట ఎవరికీ నచ్చదు, అయినా చెబుతాను. పని మీద నెలకు నాలుగు ప్రయాణాలు చేస్తాను. పక్క వరసలో పిల్లలు ఐదు గంటలు ఏడిస్తే మర్నాడు మీటింగులో నా పరిస్థితి ఏమిటి? అత్యవసరమైతే తప్ప ఏడాది లోపు బిడ్డతో అంత దూరం అవసరమా?

నిద్రలేని_కుప్పం
భర్త దగ్గరికి వెళ్లడం అత్యవసరం కాదా బాబూ? ఐదు గంటలు ఏడ్చిన బిడ్డను మీరు విన్నారు, ఎత్తుకోలేదు.

మెట్లదారి
వెనకసీటు గారి బాధా నిజమే, నిద్ర అందరికీ కావాలి. కానీ తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే ఆర్టీసీ బస్సు చూడండి. చంద్రగిరి దాటేలోపు ఏడ్చే బిడ్డ ముగ్గురి ఒళ్లు మారుతుంది. ఎవరో గాజులు ఆడిస్తారు, ఎవరో కిటికీలో మేకను చూపిస్తారు. పాకాల వచ్చేసరికి తల్లి నిద్రపోతుంది, బిడ్డ ఎవరి దగ్గరుందో కండక్టరుకు కూడా తెలియదు. విమానంలో అందరినీ బెల్టుతో కట్టేసి, చెవుల్లో ఏదో ఒకటి పెట్టేశారు. ఏడుపు ఒకటే, వినే తీరు మారింది.

ఉప్పు_సెనగలు
ఈసారి మీటింగుకు బస్సులో వెళ్లండి వెనకసీటు గారూ.

వెనకసీటు
చెవిలో పెట్టుకునే దూది కొనుక్కుంటాను లెండి.

కోర్లగుంట_కోడలు
మధ్యలో వేరే తలనొప్పి. వెళ్లేలోపు పాపకు తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాలని అత్తయ్య పట్టు. పాస్‌పోర్టు ఫొటోలో ఒత్తైన జుట్టు ఉంది. గుండుతో వెళ్తే ఏమైనా అంటారా?

డాలస్_దారప్ప
మూడు నెలల వయసులో తీసిన ఫొటోకూ ఎనిమిది నెలల బిడ్డకూ పోలిక ఉంటుందని ఎవరూ అనుకోరు. మా చిన్నదాన్ని గుండుతోనే తీసుకొచ్చాం. అధికారి ఫొటో చూశాడు, గుండు చూశాడు, నవ్వాడు, ముద్ర వేశాడు.

పలమనేరు_పాలకోవా
గుండు మంచిదే. జావ అంటుకున్నా తుడిస్తే పోతుంది.

చిత్తూరు_మామిడి
బాబుకు తినడానికి ఏం పెడుతున్నారు? బిస్కెట్లు వద్దు, నిమిషంలో అయిపోతాయి. బొరుగులు పెట్టండి. ఒక్కొక్కటే ఏరుకుని తింటే చిన్న గిన్నెడు అరగంట వస్తుంది. కింద పడినా మరక కాదు.

నిద్రలేని_కుప్పం
బొరుగులకు నా ఓటు కూడా. ఇంకొకటి, బాబును నడవ పక్కన కూర్చోబెట్టకు. బండ్లు తోసుకుంటూ వస్తారు, మోచెయ్యి తగులుతుంది, వేడి కాఫీ అదే దారిలో వెళ్తుంది. వాడికి లోపలి సీటు, నువ్వు నడవ వైపు. లేచి పరుగెత్తాలన్నా నిన్ను దాటాలి.

కోర్లగుంట_కోడలు
నెలన్నర తర్వాత వస్తున్నాను. ముగ్గురం డాలస్‌లో ఉన్నాం. నిద్ర వేళలు కుదరడానికి తొమ్మిది రోజులు పట్టింది. పదిన్నర గంటల తేడా కదా, రాత్రి రెండింటికి ఇద్దరూ లేచి ఇడ్లీ అడిగేవారు.

చెన్నై నుంచే వెళ్లాను, ఒకే టికెట్ మీద. రాత్రి తొమ్మిదిన్నరకు కారెక్కాం. పాలు తాగించలేదు మామిడి అన్నా, కానీ మా నాన్న నాకు తెలియకుండా పులిహోర పెట్టారు. తిరుత్తణి దాటాక మొత్తం బయటికి వచ్చింది. నా జత నాకు ఉంది కాబట్టి బతికాను.

చెన్నై తనిఖీ నేను భయపడినంత లేదు. నాలుగు గంటల విమానం కూడా గడిచిపోయింది. నన్ను ఏడిపించింది దుబాయి. విమానం తలుపు దగ్గర అప్పగించిన బండి దుబాయిలో తలుపు దగ్గరికి రాలేదు, అది నేరుగా డాలస్‌కు వెళ్లే సామానులో కలిసిపోయిందన్నారు. ఈ సంగతి మీరెవరూ చెప్పలేదు! చెన్నైలో బండి అప్పగించేటప్పుడే ఎక్కడ తిరిగి ఇస్తారో అడిగి, దానికి కట్టిన చీటీ చదువుకోవాలి. క్యారియర్ లేకపోతే నా పని అయిపోయేది. మర్హబా మాట్లాడుకోలేదు, డబ్బు దండగ అనుకున్నాను. మెట్లదారి గారూ, మీ మాట వినాల్సింది. తనిఖీ వరసలో బాబు నేల మీద పడుకుని కదలనన్నాడు. ఛాతీ మీద పాప, వీపున సంచి, వంగితే లేవలేను. వెనక ఉన్న ఒక పెద్దావిడ, ఏ దేశమో తెలియదు, మాట కూడా కలవదు, వాడి పక్కన నేల మీద చతికిలబడి తన గాజు ఒకటి తీసి దొర్లించింది. వాడు లేచి గాజు వెంట వెళ్లాడు. వరస కదిలింది. ఆవిడ గాజు తిరిగి వేసుకుని వెళ్లిపోయింది.

16 గంటల్లో బాసినెట్‌లో పాప పడుకున్నది మూడు గంటలు, రెండు విడతలుగా. కుప్పం అక్కా, దీపం నాకూ వెలిగింది. కానీ పాలకోవా గారు చెప్పినట్టు భోంచేశాను, చల్లారిపోయిందే అయినా. ఫ్లష్ పద్ధతి అక్షరాలా పాటించాను, ఒక కాలు తలుపుకు అడ్డం పెట్టి. చూసిన వాళ్లు ఏమనుకున్నారో తెలియదు. దిగేటప్పుడు పాపను లేపి పాలు పట్టాను. ఏడవలేదు, నా వంక కోపంగా చూసిందంతే. బాబు బొరుగులు తిన్నాడు. మా సీట్ల కింద సంక్రాంతి ముగ్గు వేసినట్టు ఉంది. ఎయిర్‌హోస్టెస్‌కు క్షమాపణ చెప్పాను. ఆ అమ్మాయి రెండు తీసుకుని తిని, ఇవేమిటని అడిగింది.

ఇమ్మిగ్రేషన్‌లో ఉత్తరం చూపించమనలేదు. అధికారి బాబును "ఈమె ఎవరు?" అని పాప వైపు చూపించి అడిగాడు. వీడు "గుండు" అన్నాడు.

ఉప్పు_సెనగలు
ఆ గాజు పెద్దావిడ ఎవరో, వెయ్యేళ్లు బతకాలి. ఆర్టీసీ బస్సులో ఎప్పుడో ప్రయాణం చేసే ఉంటుంది.

మెట్లదారి
బండి సంగతి మాకూ తోచలేదమ్మా. మంచి మాట చెప్పారు.

మదనపల్లె_కవలలు
ఆలస్యంగా చూశాను. నాకు కవలలు, 11 నెలలు. నేనూ ఒక్కదాన్నే సింగపూర్ వెళ్లాలి. ఇద్దరినీ ఒడిలో పెట్టుకోనిస్తారా?

నిద్రలేని_కుప్పం
ఇవ్వరమ్మా. ఒక పెద్ద మనిషి ఒడిలో ఒక్క బిడ్డే. రెండో బిడ్డకు సీటు కొని, వాళ్లు ఒప్పుకునే కారు సీటు అందులో బిగించాలి. కొన్ని ఎయిర్‌లైన్లు రెండో పెద్ద మనిషి ఉండాల్సిందే అంటాయి. టికెట్ కొనకముందే ఫోన్ చేసి అడుగు. తిరుగు టికెట్ కూడా ఇప్పుడే తీసుకుంటుంటే పుట్టినరోజు చూసుకో. రెండేళ్లు నిండాక ఒడి టికెట్ చెల్లదు, తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరికీ సీట్లు కొనాలి.

మదనపల్లె_కవలలు
అయితే మా అత్తగారిని బతిమాలాలి. ఆవిడకు విమానం అంటే భయం.

సలహాల_పెద్దాయన
ఆవిడకు వీల్‌ఛెయిర్...

మెట్లదారి
పెద్దాయనా!

చిత్తూరు_మామిడి
కోర్లగుంట చెల్లీ, బండి దొరికిందా చివరికి?

కోర్లగుంట_కోడలు
డాలస్‌లో సామానుతోనే వచ్చింది అన్నా, ఒక చక్రం వంకర పోయింది. దొరకనిది బాబు ఎడమ చెప్పు. దుబాయి నుంచి సీటు కింద, తొట్టిలో, పక్కవాళ్ల దుప్పట్లో కూడా వెతికాను. ఒంటి చెప్పుతోనే దిగాడు. మొన్న జావ కాద్దామని రాగిపిండి డబ్బా మూత తీస్తే అందులో ఉంది.